వెళ్ళొస్తానన్నారు కదా!

చెంగావిలో యంత్రాలతో పూర్తి వాక్యం మాట్లాడినవాళ్ళు లేరు. అవసరమేముంది? అంగారకుడి ఎర్రమట్టి మీద శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు కట్టుకున్న ఆ ఊళ్ళో నిట్టూరిస్తే చాలు, పొయ్యి కాఫీ పెట్టేస్తుంది. ఒళ్ళు విరుచుకుంటే మంచం పరుచుకుంటుంది. మనిషి మనసులో ఏముందో ఊహించి పని చేసే యంత్రాలవి. వాటితో హాయిగానే ఉండేది, జావ గొడవ వచ్చేదాకా.

ఒకసారి దుమ్ముతుఫాను రోజుల్లో క్యాంటీన్లో ఎవరో గట్టిగా తుమ్మారు. ఊరందరికీ జ్వరం పట్టుకుందని పెద్దపొయ్యి ఊహించేసుకుంది. ఆ పూట నుంచి జావ, పొద్దున్నా జావే, రాత్రీ జావే. ఇడ్లీ కావాలని అరిస్తే, పాపం నోరు చేదుగా ఉందేమోనని ఇంకో గరిటె వేసేది. దాని ప్రోగ్రాం మార్చడం ఊళ్ళో ఒక్కరికీ చేతకాలేదు. తుఫాను తగ్గి, తుమ్ములు ఆగాక గానీ పొయ్యి శాంతించలేదు. ఇకమీదట కొందరైనా స్వయంగా కోడ్ రాయడం నేర్చుకోవాలని ఊరి సభ తీర్మానించింది. నేర్పే బాధ్యత డాక్టర్ మందాకిని మీద పడింది.

మందాకిని చెంగావిలోనే పుట్టింది. కంప్యూటర్లంటే ప్రాణం. అలాంటి మనిషి పెట్టిన కోర్సు కూడా మొదటి రెండుసార్లూ మొదటి పాఠానికి చేరకుండానే మూతపడింది. కోడ్ రాయాలంటే ముందు దానికి తగిన వాతావరణం, అంటే ప్రోగ్రామింగ్ ఎన్విరాన్‌మెంట్, సిద్ధం చేసుకోవాలి. రాసుకోవడానికి ఎడిటర్, రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చడానికి కంపైలర్, వాటికి కావలసిన లైబ్రరీలు, ముందే రాసిపెట్టిన కోడ్ మూటలు. ఒకటి ఎక్కిస్తే రెండోది అలుగుతుంది, రెండోదాన్ని బతిమాలితే మూడోది కనబడనంటుంది. అక్షరం ముక్క రాయకముందే విద్యార్థులు దండం పెట్టి పారిపోయారు.

అందుకే ఆమె 'పందిరి' కనిపెట్టింది. కొత్తవాళ్ళు బల్ల ముందు కూర్చుని పేరు చెబితే చాలు, గాలిలో ఒక వెలుగుతెర పరుచుకుంటుంది. ఎడిటర్‌కి ఆమె రాతబల్ల అని, కంపైలర్‌కి మార్పరి అని పేర్లు పెట్టింది. అన్నీ ఒకదానితో ఒకటి సర్దుకుని వచ్చేస్తాయి. అంతా సిద్ధమయ్యాక తెర మూలన చిన్న దీపం వెలుగుతుంది. ఇంత తెలివైన పందిరికి ఆమె ఒక్క తెలివి మాత్రం ఇవ్వలేదు. అది దేన్నీ ఊహించదు. అన్న మాటని అన్నట్టే నమ్ముతుంది. కోడ్ నేర్చుకునేవాళ్ళకి అలాంటి గురువే ఉండాలని ఆమె పట్టుదల.

మొదటి క్లాసు పెళ్ళివారిల్లులా సాగింది. మందాకిని మేనత్త సింహాచలమ్మ క్యాంటీన్ నడుపుతుంది. జావ అవమానం ఆమెకి ఇంకా చల్లారలేదు. రోవర్ నడిపే గవరయ్య, మరికొందరు పక్కన కూర్చున్నారు.

"ఏటే మందాకినీ, ఈ పొయ్యికి నాను ఇడ్లీ అంటే ఇడ్లీయే రావాల. ఎలా రాయాలో సెప్పు," అంది సింహాచలమ్మ.

రాసింది. మార్పరి తప్పు పట్టింది. మళ్ళీ రాసింది. మూడో ప్రయత్నానికి క్యాంటీన్లోంచి ఆవిరి చప్పుడు వినబడింది. సింహాచలమ్మ కుర్చీలోంచి లేచి, మేనకోడల్ని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "నా సేత్తో రాసేనే! నా మాటిన్నాదే!" అంటూ ఆమె ఏడుస్తుంటే, నవ్వుతూ మందాకినీ ఏడ్చింది. వేడివేడి ఇడ్లీలు తిని అందరూ ఇళ్ళకి బయల్దేరారు.

మర్నాడు పొద్దున్నే భూషణం దిగాడు. ఊళ్ళోని కంప్యూటర్ మెమరీ ఎవరికెంత ఇవ్వాలో చూసే అధికారి. నవ్వితే జీతం కోస్తారేమోనన్నట్టు ఉంటుంది ఆయన ముఖం.

"మందాకిని గారూ, ఏమిటండీ ఇది? నేనిచ్చిన మెమరీ అంతా మింగేశారు. ఇప్పుడు మంచినీళ్ళ ప్లాంటు మెమరీ మీద పడుతున్నారు. ఈ పూటలోగా ఖాళీ చెయ్యకపోతే కోర్సు రద్దు చేస్తాను. మళ్ళీ అడగొద్దు," అన్నాడు.

ఆమె క్లాసు గదికి పరుగెత్తింది. తలుపు తీస్తే, గది నిండా వెలుగుతెరలే. బల్లల మీద, గోడల వెంట, పైకప్పు దాకా. అన్నింటి మూలనా దీపాలు. సింహాచలమ్మ పేరుతోనే ఒక వీధి వీధంతా ఉంది.

"పందిరీ, క్లాసయ్యాక ఎందుకు మూసుకోలేదు?" అని అడిగింది మందాకిని.

"వెళ్ళొస్తానన్నారు కదా!" అంది పందిరి.

"అయితే?"

"వస్తానన్నవాళ్ళ కోసం అంతా సిద్ధం చేసి ఉంచాను. సింహాచలమ్మ గారు కుర్చీలోంచి లేస్తూ ఒకసారి అన్నారు. గుమ్మం దగ్గర ఆవకాయ సంగతి మాట్లాడి మళ్ళీ అన్నారు. మెట్లు దిగి, వెనక్కొచ్చి, గొడుగు తీసుకుని మళ్ళీ అన్నారు. అలా ఇరవైసార్లు. అన్నిసార్లు వస్తారు కాబట్టి అన్ని పందిళ్ళు వేశాను."

అంగారకుడి మీద వానే పడదు, గొడుగెందుకో సింహాచలమ్మకే తెలియాలి. మందాకిని తల పట్టుకుంది. వెంటనే పందిరికి కొత్త ఆజ్ఞ నేర్పింది. ఎవరైనా 'పోతాను' అంటే వాళ్ళ పందిళ్ళన్నీ మూసెయ్యాలి. విద్యార్థుల్ని పిలిపించి, ఎవరి గొంతుతో వాళ్ళు ఆ మాట అనమంది.

"ఛీ ఛీ, అవేం మాటలే! నోటెంట అనొచ్చేటి?" అని సింహాచలమ్మ చెవులు మూసుకుంది.

"రోవరెక్కబోతూ అలాటి మాటంటానేటమ్మా? ఇంటికాడ పెళ్ళాం పిల్లలున్నారు," అని గవరయ్య రెండడుగులు వెనక్కేశాడు.

"ఇది వట్టి ఆజ్ఞే మావయ్యా! స్విచ్ నొక్కినట్టే. చూడండి, నేనే అంటాను," అని మందాకిని పందిరి ముందు నిలబడింది. నోరు తెరిచింది. "పో..." అంది. అత్త వైపు చూసింది. ఆ రెండో అక్షరం గొంతు దాటి రాలేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చదువుకున్నవాళ్ళు కూడా ఇంతేనా! తప్పుకోండి," అని అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ భూషణం ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. చివరికి విసుగ్గా, "అయినా నేనెందుకనాలి? ఒక మనిషి ఎన్నిసార్లు వెళ్ళొస్తానన్నా వచ్చేది ఒక్కసారే కదండీ! ఆ మాత్రం దీనికి తెలియదా?" అన్నాడు.

మందాకిని కళ్ళు మెరిశాయి. "తెలియదండీ. మనం చెప్పలేదుగా. ఇప్పుడు మీరన్నదే రాద్దాం. కూర్చోండి."

"నేనా?"

"రెండో పాఠమే అది. షరతు రాయడం."

నలుగురూ ఆయన చుట్టూ మూగారు. భూషణం ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఒకే మనిషి మళ్ళీ వెళ్ళొస్తానంటే, కొత్త పందిరి వెయ్యకు. ఉన్నవాటిలో ఒక్కటి ఉంచు. అదీ మడిచి పెట్టు, దీపం మాత్రం వెలగనీ. మార్పరి ఒక చుక్క తప్పిందంది. ఆయన చుక్క పెట్టాడు. గదిలో తెరలు ఒకదాని వెంట ఒకటి ముడుచుకుని, గోడ పక్కన మనిషికొక్క దీపం మిగిలింది. మంచినీళ్ళ ప్లాంటు మెమరీ మంచినీళ్ళ ప్లాంటుకి పోయింది.

భూషణం తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "ఇది నేను రాసిందేనా?" అన్నాడు మెల్లిగా.

"కోర్సులో చేరండి బాబూ," అంది సింహాచలమ్మ.

"నాకు తీరిక ఎక్కడమ్మా! రద్దు మాట వదిలేస్తున్నాను, అంతే. సరే మరి, వెళ్ళొస్తాను," అని ఆయన లేచాడు.

గోడ పక్కన కొత్త దీపం వెలిగింది. "భూషణం గారూ, మీ పందిరి సిద్ధంగా ఉంటుంది," అంది పందిరి.

"అయ్యో, మాటవరసకన్నానయ్యా!"

"మాటవరస అంటే ఏమిటండీ?" అని పందిరి అడిగింది.

భూషణం జవాబు కోసం చుట్టూ చూశాడు. అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆయన గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు మందాకిని క్లాసు తెరవడానికి వచ్చేసరికి గుమ్మం ముందు భూషణం నిలబడి ఉన్నాడు. చంకలో, మర్చిపోయి మళ్ళీ రావడానికేమో, కొత్త గొడుగు కూడా ఉంది.

"తీరిక లేదన్నారు కదండీ?" అందామె.

ఆయన నేల చూపులు చూశాడు. "ఎన్ని ఇళ్ళలో, ఎన్ని ఆఫీసుల్లో ఆ మాట అనుంటానమ్మా! నేను గడప దాటగానే తలుపేసేవాళ్ళు. నేనూ మళ్ళీ వెళ్ళింది లేదు. నిన్న రాత్రంతా అదే ఆలోచన. ఈ పందిరి నిజంగా నా కోసం దీపం పెట్టుకుని కూర్చుందే అని..."

మందాకిని తలుపు తీసి పక్కకి తప్పుకుంది.

భూషణం తన దీపం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. మడిచి ఉన్న పందిరి ఆయన ముందు మెల్లగా విప్పుకుంది.

"వచ్చారా!" అంది.