హాజరు కాని పిల్లకు అరవై మూడు

నవంబరు మూడో సోమవారం పొద్దున, ఖమ్మం బస్టాండు వెనక సందులో ఉన్న డిటెక్టివ్ నిర్మలాదేవి ఆఫీసుకు ఒక నడివయసు స్త్రీ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. రెండు కాగితాలు బల్ల మీద పెట్టి నిలబడింది.

ఆమె పేరు మడకం ఎర్రమ్మ. చర్ల అవతల అడవిలో ఊరు. నిర్మలాదేవి సహాయకుడు హాతీరాం పదకొండేళ్లు చర్ల బస్సులో కండక్టరుగా చేశాడు. ఆ పరిచయంతోనే ఆమె ఇంత దూరం వచ్చింది.

"నా బిడ్డ పూలిని హాస్టల్ నుంచి పంపిచ్చిన్రమ్మా. తెలివి తక్కువన్నరు. పరీక్ష రెండుసార్లు పెట్టిన్రంట, రెండుసార్లూ గట్లనే వచ్చిందంట." పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

మొదటి కాగితం హాస్టల్ ఉత్తరం. ప్రజ్ఞా పరీక్షలో మడకం పూలికి జూన్ 27న అరవై ఒకటి, సెప్టెంబర్ 18న అరవై మూడు వచ్చాయనీ, డెబ్బై లోపు వచ్చినవారు మామూలు బడికి పనికిరారనీ అందులో ఉంది. రెండోది భద్రాచలం దవాఖానా చీటీ. మలేరియాతో పూలి అక్కడ ఉన్నది సెప్టెంబర్ 15 నుంచి 21 వరకు.

"నా బిడ్డ మంచం మీదుంది, నేను మంచం కింద పండుకున్న. మరి బడిల కూసొని జవాబులు చెప్పిందెవరు?"

"పూలి ఏమంటోంది?"

"ఏమంటది? తినమంటే తింటది, లేవమంటే లేస్తది. గంతే."

నిర్మలాదేవి చీటీని మరోసారి చదివి, చేతిసంచి తీసుకుని లేచింది.

ఆ పరీక్షను తయారుచేసినది ఖమ్మంలోని ఒక ప్రైవేటు పరిశోధన సంస్థ. దాని డైరెక్టర్ డాక్టర్ వెంకటేశ్వరరావు వారిని మర్యాదగా కూర్చోబెట్టాడు.

"పరీక్ష నమ్మదగినదా కాదా అని ఎలా తెలుస్తుందండీ? అదే పిల్లలకు కొన్నాళ్లాగి మళ్లీ పెట్టాలి. మార్కులు నిలకడగా ఉంటే విశ్వసనీయత ఉన్నట్టు. నలభై నాలుగు మంది పిల్లలు. రెండు పరీక్షలకూ మధ్య సహసంబంధం సున్నా పాయింట్ తొంభై ఏడు!"

"దవాఖానాలో ఉన్న పిల్లకు కూడా నిలకడగా వచ్చింది."

ఆయన చీటీ చూసి నిట్టూర్చాడు. "పరీక్షలు పెట్టింది మా దగ్గర పనిచేసే శ్యామల. ఫారాల మీద సంతకాలు ఆవిడవే. ఎక్కడో కూర్చుని రాసేసి ఉంటుంది. నన్నేం చేయమంటారు?"

"జూన్ ఫారాలు మీకు అందాక ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు. బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

ఆయన అనుమతితో నిర్మలాదేవి రెండు పరీక్షల ఫారాల కట్టలనూ ముందుకు లాక్కుంది. పిల్లలు నోటితో చెప్పిన జవాబులను పరీక్ష పెట్టినవారు నీలం జెల్ పెన్నుతో రాసుకున్నారు. జూన్ ఫారాల్లో ప్రతి వరుసా అలుక్కుపోయి ఉంది. సెప్టెంబర్ ఫారాలు శుభ్రంగా ఉన్నాయి. అడుగున సంతకం దగ్గర మాత్రమే మరక ఉంది. ఆమె పూలి ఫారం దగ్గర ఆగింది. 'అడవిలో దారి తప్పితే ఏం చేస్తావు?' అన్న ప్రశ్నకు జవాబు 'తప్పను'. మార్కు సున్నా. సెప్టెంబర్ ఫారంలోనూ అదే మాట, అదే సున్నా.

మార్కుల పట్టీని ఆమె రిజిస్టరు వరుసలో చదివింది. మొదటి పిల్లకు రెండు పెరిగాయి. రెండో పిల్లకు ఒకటి తగ్గింది. మూడో పిల్లకు రెండు పెరిగాయి. నాలుగో పిల్లకు ఒకటి తగ్గింది. చివరిదాకా అంతే.

మర్నాడు సారపాకలో, కిరాయి గదిలో శ్యామల దొరికింది. ముప్పై ఏళ్లుంటాయి. మనిషి అక్కడే ఉన్నా మనసు ఇంకెక్కడో ఉన్నట్టుంది.

"జూన్‌లో ఏ భాషలో అడిగారు?"

"పుస్తకంలో ఉన్నట్టే, తెలుగులో. సెప్టెంబరుకల్లా నాకు పిల్లల కోయ భాష కొంచెం వచ్చింది. అప్పుడు కోయలో అడిగిన."

"పూలిని అడిగారా?"

"ఫారం మీద నా సంతకం ఉంది గద మేడం. ఇంకేం చెప్పాలె?"

హాతీరాం ఆమె ఫోన్ నంబరు అడిగితే కాగితం మీద రాసిచ్చింది. ఎడమచేత్తో రాసింది. అంకెల మీదుగా చెయ్యి జరిగి, చిటికెనవేలి పక్కన నీలం రంగు అంటింది.

ఆ సాయంత్రమే చర్ల హాస్టల్లో వార్డెన్ చెంచురామయ్యను కలిశారు.

"నాకేం దెల్వదమ్మా. ఆమె వచ్చింది, గది తెరిచిన, పిల్లల్ని ఒక్కొక్కల్ని లోపలికి పంపిన. ఆమె రాసిన కాయితాలు నేను ఎన్నడూ చూళ్లే. ఆఖర్ల ఉత్తరాలొక్కటే వచ్చినయ్."

"సెప్టెంబర్‌లో పూలి లేదని ఆమెకు చెప్పారా?"

"అవ్. రాలేదని ఆమెనే రాసుకుంది."

హాజరు పట్టీలో ఆ తేదీన పూలి పేరు ఎదుట 'దవాఖానా' అని ఉంది.

శుక్రవారం అదే హాస్టల్ తరగతి గదిలో నిర్మలాదేవి అందరినీ కూర్చోబెట్టింది. డైరెక్టర్, శ్యామల, చెంచురామయ్య, ఎర్రమ్మ. తల్లి పక్కన పూలి.

"శ్యామల జూన్‌లో పరీక్ష పెట్టింది. సెప్టెంబర్‌లోనూ పెట్టింది. కానీ బీరువాలో ఉన్న సెప్టెంబర్ ఫారాలు ఆమె రాసినవి కావు," అని నిర్మలాదేవి మొదలుపెట్టింది. "ఆమెది ఎడమచెయ్యి. ఏం రాసినా అలుక్కుపోతుంది. ఆ ఫారాల్లో సంతకం ఒక్కటే అలుక్కుపోయింది. అంటే సంతకం ఆమెది, రాత వేరొకరిది. పూలి రాలేదని వార్డెన్‌కు తెలుసు, శ్యామలకు తెలుసు. ఆ సంగతి తెలియని మనిషి, జూన్ ఫారాలు ముందు పెట్టుకుని, తప్పు జవాబులను కూడా మాట మార్చకుండా ఎక్కించాడు. ఆ ఫారాలు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి మీ దగ్గర ఉంది డాక్టర్‌గారూ."

"తాళంచెవి ఉంటే నేనే రాసినట్టా?"

"మార్కులన్నీ అచ్చంగా ఒకటే అయితే అనుమానం వస్తుందని తెలిసినవారే రెండు పెంచి, ఒకటి తగ్గించి రాస్తారు. ఈ లెక్క వార్డెన్‌కు తట్టదు. శ్యామలకు ఆ అవసరం లేదు, తాను రాసిన అసలు సెప్టెంబర్ ఫారాలే ఆమె దగ్గర ఉండేవి. అవి ఏమయ్యాయి శ్యామలా?"

శ్యామల గొంతులో ఎత్తూపల్లం లేదు. "సార్‌కు ఇచ్చిన. పూలిది లేక నలభై మూడే ఉన్నయ్, సార్ లెక్కపెట్టలే. కోయలో అడిగితే పిల్లలకు ఇరవై, ముప్పై పెరిగినయ్. సార్ చూసి, నిలకడ పోయింది, రిపోర్టు ఎవరూ తీసుకోరు అన్నరు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టమన్నరు. పెట్టిన. ఎందుకు పెట్టిన్నో నన్నడగకండి. అప్పుడు నా చెయ్యి సంతకం పెట్టింది, నేను చూస్తున్న."

వెంకటేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పదేళ్ల పని అండీ. భాష మార్చి ఆవిడ పరీక్షను పాడుచేసింది. నేను దాన్ని మళ్లీ నిలబెట్టాను. నా పరీక్షలో తప్పు లేదు."

"నిజంగానే రెండుసార్లూ అరవై ఒకటి వచ్చిందనుకుందాం. అప్పుడు మాత్రం మీరు కొలిచింది తెలివేనా? పూలికి రాని తెలుగును కొలిచారు. దాన్ని ఎన్నిసార్లు కొలిచినా అంతే వస్తుంది. నిలకడ ఉన్నంత మాత్రాన సప్రమాణత, అంటే కొలవాల్సిందే కొలవడం, ఉండదని మీ పుస్తకంలోనే ఉంటుంది. అడవిలో దారి తప్పితే అని అడిగితే ఈ పిల్ల తప్పను అంది. ఆ జవాబుకు సున్నా వేశారు."

ఆయన పూలి వైపు చూశాడు. ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. ఆయన కాగితం అడిగి, తాను చేసినదంతా రాసి సంతకం పెట్టాడు.

"మరి నా బిడ్డకు అసలెన్ని మార్కులు?" అని ఎర్రమ్మ అడిగింది.

"తెలియదమ్మా. సరైన పరీక్ష ఎవరూ పెట్టలేదు."

ఎర్రమ్మ తల ఊపింది. సంతోషమో బాధో ఆమె ముఖంలో కనిపించలేదు.

డిసెంబరు మొదటి వారంలో, పిల్లల్ని ఇంటికి పంపిన ఉత్తర్వు రద్దయింది. పూలి మళ్లీ తరగతిలో కూర్చుంది. పూలితో కలిపి ఇంటికి పంపినవాళ్లు పదకొండు మంది. మిగిలిన పది మందికీ తిరిగి రమ్మని ఉత్తరాలు రాయించి, నిర్మలాదేవి, హాతీరాం ఊరూరా తిరిగి ఇచ్చారు. ఆరుగురు దొరికారు. ముగ్గురి కుటుంబాలు ఎటు వలస వెళ్లాయో ఎవరూ చెప్పలేకపోయారు.

జనవరిలో చివరి ఊరు, పదో పిల్ల ఇల్లు. గుడిసె తలుపు తాడుతో కట్టి ఉంది. పక్కింటి ముసలామె బయటికి వచ్చింది.

"మిర్చి కోతకు పోయిన్రు. పోయి నెలయితంది."

"పిల్ల కూడానా?"

"అవ్, బడి లేదు గద. ఇంట్ల ఉండి ఏం జేస్తది?"

నిర్మలాదేవి ఉత్తరం ఆమె చేతికి ఇచ్చింది. ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రాసిన్రు ఇందుల?"

"పిల్లను బడికి రమ్మని."

"సరే. వస్తే ఇస్త."

ఆమె ఉత్తరాన్ని మడిచి చూరు తాటాకుల్లో దోపింది. హాతీరాం జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నిర్మలాదేవి ఎక్కి కూర్చుంది.