గోడ తాగేంత

చందానగర్ మార్కెట్లో సీతారామయ్య తన రంగుల కొట్టు షట్టరు ఎత్తీ ఎత్తకముందే కొమురమ్మ వచ్చి నిలబడింది. ఆమె కొత్తగా ఒక గది కట్టించుకుంది.

"రెండు గదులు ఒక్క తీరుగనే ఉన్నయ్ కద సేటు. పాతదానికి ఒక్క డబ్బా సరిపాయె, దీనికి రెండేంది?"

"అది ఇప్పటికే కడుపు నిండిన గోడమ్మా. ఇది మొన్ననే ప్లాస్టరింగ్ అయింది. ముందు బాగా తాగుతుంది, తర్వాతే రంగు నిలుస్తుంది. ఇంకో మాట, ఆరకముందే రెండో కోటు వేయించావో, పొరలు పొరలుగా ఊడొస్తుంది."

"గట్లనా," అంటూ ఆమె డబ్బాలు ఆటో ఎక్కించుకుంది.

ఏం పెట్టాం, ఏం తిరిగొచ్చింది అని చూడటం సీతారామయ్యకు అలవాటు. ఆ లెక్కకు అందనిది కూతురు ఉమాశ్రీ ఒక్కతే. ఆమె ఆసుపత్రి పెట్టుకుంటుందని కొట్టు మీద అంతస్తు లేపాడు. ఆమేమో ఎంబీబీఎస్ అయ్యాక మందుల మీద పరిశోధించే చదువులో చేరింది. "రోగి రాని డాక్టరేంటే?" అన్నాడా రోజు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు.

ఇప్పుడు ఆమె మందుల మోతాదులు చూసే ఆసుపత్రిలోనే అతని భార్య వీరలక్ష్మి ఐసీయూలో ఉంది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది.

కాఫీ ఫ్లాస్కుతో వెళ్లేసరికి మరదలు కనకలక్ష్మి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"చూశారా బావగారూ! పక్క మంచం ఆయనకి పొద్దున్నే మళ్లీ అదే యాంటీబయాటిక్ ఎక్కించారు. మా అక్కకి నిన్న ఒక్కసారి, ఆయనకంటే ఎక్కువే ఎక్కించి ఊరుకున్నారు. అడిగితే ఆగమన్నది మీ అమ్మాయేనట. అక్కని వేరే ఆసుపత్రికి మార్చేద్దామండీ."

సీతారామయ్య తిన్నగా కూతురి దగ్గరకు నడిచాడు.

"పక్క మంచం ఆయనకి ఎక్కించి, అమ్మకి మందెందుకు ఆపావు?"

"ఆపలేదు నాన్నా, ఆగాం. రక్తం తీసి పంపాం. ఒంట్లో ఇంకా ఎంత మందుందో తెలిశాక తర్వాతది ఎక్కిస్తాం."

"నీ చదువు చూపించుకోడానికి మీ అమ్మే దొరికిందా?"

ఉమాశ్రీ కళ్లు నిండాయి. గొంతు మాత్రం తొణకలేదు. "ఆయన కిడ్నీలు బాగున్నాయి, మందు త్వరగా బయటికి పోతుంది. అమ్మవి నెమ్మదించాయి. ఉన్నదాని మీద మళ్లీ పోస్తే అవి ఇంకా దెబ్బతింటాయి. చెవులు కూడా పోవచ్చు."

"మరి నిన్న ఆయనకంటే ఎక్కువెందుకు ఎక్కించారు?"

"ఒళ్లంతా నీరు పట్టింది కదా. తక్కువిస్తే ఆ నీళ్లలో పలచబడిపోతుంది, క్రిమి చావదు."

ఇంకో మాట విసరబోయి సీతారామయ్య ఆగిపోయాడు. పొద్దున కొమురమ్మకు తాను చెప్పిందే గుర్తొచ్చింది.

"అంటే ముందు బాగా తాగుతుంది," అన్నాడు నెమ్మదిగా. "తర్వాత ఆరాలి."

"ఏంటి నాన్నా?"

"మేమైతే వేలితో తాకి చూస్తాం, ఆరిందో లేదో."

"మేం రక్తంలో చూస్తాం."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రక్తం ఎప్పుడు తీస్తారు? మందు వేసిన వెంటనే తీస్తే ఏమవుతుంది? లావుగా ఉన్నవాళ్లకి ఎలా లెక్కేస్తారు? అడిగినకొద్దీ అడగాలనిపించింది. చెబుతున్నకొద్దీ ఉమాశ్రీ ముఖం తేటపడింది.

"బావగారూ, మరి మార్చే సంగతి?" అంది కనకలక్ష్మి.

"కూర్చో కనకం. ఆరనీ."

మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. రక్తంలో మందు ఇంకా ఎక్కువగానే ఉంది. అది దిగేదాకా ఆగి, తర్వాతి మోతాదు తగ్గించి ఎక్కించారు. ఆపైన ప్రతిసారీ అలాగే చూసుకుంటూ వచ్చారు.

జ్వరం దిగాక ఒక ఉదయం వీరలక్ష్మి కళ్లు తెరిచింది. సీతారామయ్య ఆమె చెవి దగ్గరకు వంగి గట్టిగా పిలిచాడు.

"లక్ష్మీ, వినపడుతోందా?"

"ఎందుకండీ ఆ అరుపులు?" అంది ఆమె నీరసంగా. "నాకేం చెవుడా?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కళ్లు తుడుచుకుని, మంచానికి అవతల నిలబడ్డ కూతురి వైపు చూశాడు.

"పై అంతస్తు అద్దెకిచ్చేస్తానమ్మా," అన్నాడు. "నీ రోగులు ఇక్కడే ఉన్నారు."