నల్లబడిన కంచం

పటాన్‌చెరులో డిటెక్టివ్ సుమిత్ర ఆఫీసుకు ముందు సంగమ్మ కోపం వచ్చింది, వెనకాల సంగమ్మ వచ్చింది.

"నేను దొంగనా మేడమ్? ఎండి కంచం మార్చిన్నంట! కిష్టారెడ్డిపేటల నేను పనిచేసే అపార్ట్‌మెంటంత చెప్పింది ఆ ఇంటి నాగేశ్వరి అమ్మ. మిగిలిన నాలుగిండ్లోళ్లు గూడ రావద్దన్నరు. ఇగ నేనేం తినాలె, ఆమె కంచమా?"

అసిస్టెంట్ ప్రవీణ్‌కుమార్‌కు నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి మింగేశాడు. వెండి గురించి అతనికి తెలిసింది వెండితెర వరకే. సుమిత్రకు తెలియనిది లేదని మాత్రం అతని గట్టి నమ్మకం.

నాగేశ్వరి ఇంట్లో, అల్మరాలో రెండు కంచాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అద్దంలా మెరుస్తోంది, రెండోది కాలిన పెనంలా ఉంది.

"రెండూ ముప్పయ్యేళ్ల కిందట పెళ్లికి మా పుట్టింటివాళ్లు పెట్టినవండీ," అంది నాగేశ్వరి. "రెండు నెలల కిందట ఒకదానికి ప్రహ్లాద్ గారి వెండికొట్లో మెరుగు పెట్టించాం. ఎలా ఉందో చూడండి! ఇంట్లో ఉన్నదేమో ఇలా అయింది. అసలు వెండి నల్లబడదు, ఎవరో మార్చేశారని ఆయనే చెప్పారు. ఇంట్లో చెయ్యి పెట్టేది ఇదొక్కతేగా?"

"ఇది ఏంది? నాకు పేరు లేదా?" సంగమ్మ అరిచింది.

"నల్లదాన్ని ఏం చెయ్యమన్నడు?" సుమిత్ర అడిగింది.

"పాత పరిచయం కొద్దీ పాతసామాను ధరకి తీసుకుంటానన్నారు."

సుమిత్ర కంచాలు తిరగేసింది. రెండింటి వెనకా నాగేశ్వరి పేరు కొట్టించి ఉంది. "ప్రవీణ్, పేరు మీద జెర వేలు పెట్టు."

నల్లదాని మీద వేలు జారిపోయింది. మెరిసేదాని మీద అక్షరాలు గీసుకున్నాయి.

నల్ల కంచం అమ్ముతామని కబురు పెడితే ప్రహ్లాద్ నవ్వుతూ వచ్చాడు. అందరి ముందూ సుమిత్ర రెండు కంచాల్లో ఒక్కో ఐసుముక్క పెట్టింది. నల్లదాంట్లో ముక్క చూస్తుండగానే నీరైంది. మెరిసేదాంట్లో ముక్క కూర్చున్నచోటే కూర్చుంది.

"వెండిల వేడి ఉరుకుతది. నల్లదే అసలు వెండి!" సుమిత్ర గొంతు పెరిగింది. "మన ఫ్యాక్టరీల గాలిల గంధకం తగిలి నల్లబడ్డది. రెండు నెలలు ఒక్క గాలికే ఉన్నయి గద, ఇంకోటెందుకు నల్లబడలే? అది జర్మన్ సిల్వర్, పేరుల తప్ప వెండి లేదు. మెరుగు పెడితే అక్షరాలు అరుగుతయి. పదునెక్కుతయా సేఠ్? ఒకటి మార్చినవ్. రెండోదాన్ని గూడ కొట్టెయ్యనీకి నకిలీ అన్నవ్. నీ కంచం వంచనకు ఈమె ఇజ్జత్ కరిగించినవ్!"

ప్రహ్లాద్ నవ్వు ఎండిపోయింది. "మేడమ్... అసలు కంచం ఇంక కరిగించలే. జల్దీ తెచ్చిస్త."

"తెచ్చి పోలీస్ స్టేషన్ల ఇయ్యి."

నాగేశ్వరి గొంతు సవరించుకుంది. "పొరపాటైంది సంగమ్మా. రేపట్నించి వచ్చెయ్."

"రేపటి ముచ్చట తర్వాత. నాలుగిండ్లల్ల నన్ను దొంగన్నవ్. ఇప్పుడే నడు, నీ నోటితోనే చెప్పు. నేను పక్కన నిలబడ్త."

నాగేశ్వరి సుమిత్ర వంక చూసింది. సుమిత్ర కిటికీ వంక చూసింది.

నాగేశ్వరికి చెప్పులు వేసుకోక తప్పలేదు. మొదటి ఇంటి బెల్లు సంగమ్మే నొక్కింది, గట్టిగా.