మేనత్త మైకులో చెప్పిన పేరు

పొద్దున్నే ధర్మవరంలో ప్యాసింజరు రైలెక్కిన హేమావతి, పెనుకొండలో తల్లి కదిరమ్మను కూడా ఎక్కించుకుని, టిఫిన్ల వేళకు హిందూపురంలో చెల్లెలు సంగీత ఇంటికి చేరింది. దారి పొడుగునా ముఖం మాడ్చుకునే ఉంది. చెల్లెలు వేడివేడిగా ఉప్మా పెడితే ఆకలి లేదంది.

పుణెలో తమ్ముడు చంద్రమోహన్‌కు కొడుకు పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కాబట్టి చుట్టాలెవరూ దగ్గరికి రావద్దన్నారు డాక్టర్లు. మేనత్త బిడ్డ చెవిలో పేరు చెప్పందే ఆ ఇంట్లో నామకరణం జరిగినట్టు కాదు. అందుకే ఈరోజు ఇక్కణ్ణించే, సంగీత కంప్యూటర్‌కు మైకు తగిలించి పేరు చెప్పాలనుకున్నారు. మేనత్తల్లో పెద్దది హేమావతి. చెప్పేది మాత్రం సంగీతట! ఆ పేరేమిటో బిడ్డ చెవిన పడేదాకా ఎవరికీ చెప్పకూడదట!

"మైకు నీదని పేరు కూడా నువ్వే చెప్తావా సంగీతా?" వంటింట్లో అడిగేసింది హేమావతి.

"అది కాదక్కా. చంద్రానే నన్ను చెప్పమన్నాడు. ఎందుకో కాసేపుంటే నీకే తెలుస్తాది."

"తెలిసేదానికి ఏముండాది? మొగుడు పోయినదాన్ని, శుభానికి పనికిరాను. ఆ మాట నా ముఖానే చెప్పొచ్చు గదా."

"మంచి పూట ఆ మాటలెందుకు హేమా, ఊరుకో" అంది కదిరమ్మ. పుండు మీద కారం చల్లినట్టయింది హేమావతికి.

ఈ కడుపుమంట ఇవాళ్టిది కాదు. బడిపిల్లలకు పద్యాలు రికార్డు చేసివ్వడానికి సంగీత ఆ యూఎస్‌బీ మైకు కొన్నప్పటి నుంచీ ఉంది. ఆదివారమొస్తే చాలు, దాన్ని లాప్‌టాప్‌కు తగిలించుకుని తమ్ముడితో గంటలకొద్దీ ముచ్చట్లు. చేతిసంచిలో వేసుకుని పెనుకొండకు పోయి, అమ్మచేత పాటలు పాడించి వాడికి పంపడాలు. వాడికీ ఇప్పుడు నోరు తెరిస్తే చిన్నక్కే. వాణ్ణి ధర్మవరంలో ఇంట్లో పెట్టుకుని చదివించిందెవరు? తనూ తన భర్తా కాదూ? వేలెడంత మైకు వచ్చేసరికి అదంతా గాలికి పోయిందా?

దీపం వెలిగించి అందరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. తెరమీద చంద్రమోహన్, ఒడిలో పొత్తిళ్ల బిడ్డ. "చిన్నక్కా, స్పీకరు వీని చెవి దగ్గర పెట్టినా. ఇంక చెప్పు" అన్నాడు.

సంగీత కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటోంది. మైకుకున్న బొత్తాం నొక్కితే మన మాట అవతలికి పోదని సంగీతే ఒకసారి చూపించింది. హేమావతి చెయ్యి చాచి దాన్ని నొక్కేసింది. పచ్చ లైటు ఆరిపోయింది.

సంగీత మైకు దగ్గరికి వంగి మెల్లగా, మూడుసార్లు పలికింది. "తిమ్మరాజూ... తిమ్మరాజూ... తిమ్మరాజూ."

హేమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తన భర్త పేరు. మొగుడి పేరు పలకకూడదని నేర్చి పెరిగిన మనిషి ఆమె. రేషన్ కార్డు వాళ్లడిగినా పక్కనున్నవాళ్లచేత చెప్పించేది.

"ఏమీ వినపడలేదు చిన్నక్కా" అన్నాడు చంద్రమోహన్ తెరమీంచి. "బావ పేరు వీని చెవిలో పడనే లేదు. పెద్దక్క ఏడుస్తాందా ఏంది? ఆయమ్మ నోట ఆ పేరు రాదనే గదా నిన్ను చెప్పమన్నది."

సంగీత మైకు వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది హేమావతికి.

"నేనే ఆపినా సంగీతా" అంది. "నీ మీద ఓర్వలేక ఆపినా. ఆయన పేరుకే అడ్డం పడినా గదే."

సంగీత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "బావ లేకుంటే నాకు చదువే లేదు, ఆయన పేరే పెట్టల్ల అని చంద్రా పట్టుబట్టినాడక్కా. నీకు ముందే చెప్తే వద్దంటావని దాచినాము."

హేమావతి కొంగుతో ముఖం తుడుచుకుని బొత్తాం మళ్లీ నొక్కింది. మైకు తన వైపు తిప్పుకుంది.

"ఆ పేరు నువ్వు పలకకూడదు హేమా" అంది కదిరమ్మ కంగారుగా.

"మేనల్లుణ్ణి పిలుచుకోవచ్చు గదమ్మా" అంది హేమావతి.

మొదటిసారి పేరు సగంలోనే ఆగింది. రెండోసారి వచ్చింది. "తిమ్మరాజూ."

"వినపడిందక్కా" అన్నాడు చంద్రమోహన్.

ఆనవాయితీకి మూడుసార్లు చాలు. హేమావతి ఆగలేదు. ఆయన బతికుండగా ఒక్కసారైనా పిలవని పేరును, కళ్లనీళ్లు కారుతుంటే, పిలుస్తూనే ఉంది.