కోట బజారులో ఎదురెండ

శవం కాలువ తూము పక్కన బోర్లా పడి ఉంది. మెడ మీద మూడు కొడవలి వేట్లు. నాలుక కోసేశారు.

1963 మార్చి 14. కోట ఊరి నుంచి సముద్రానికి పోయే దారి.

చనిపోయింది ముత్యాలయ్య. చేపలు పట్టి బతికేవాడు. జాలరుల పాలెంలో గుడిసెలకు నిప్పు పెట్టింది ఊరి పెద్దాసామి రంగనాయకులేనని మర్నాడు గూడూరు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన మనిషి. ఆ మంటల్లో ఇద్దరు పిల్లలు కాలిపోయారు. కళ్లారా చూసింది ముత్యాలయ్య ఒక్కడే.

సాయంత్రం 5.40కి తాటిచెట్టు మీద నుంచి కల్లుగీత మనిషి అతన్ని తూము దగ్గర ప్రాణాలతో చూశాడు. ఆరింటికి బస్సు డ్రైవరు శవాన్ని చూశాడు. మధ్యలో ఇరవై నిమిషాలు.

ఎస్.ఐ. మాల్యాద్రి తిన్నగా రంగనాయకులు ఇంటికి వెళ్లాడు. అతను నవ్వుతూ ఒక ఫోటో చేతిలో పెట్టాడు.

కోట బజారు. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీసిన ఫోటో. మనుషులంతా నల్లటి ఆకారాలే. నడుమ ఆరడుగుల మనిషి, నెత్తిన దొరటోపీ. ఊళ్లో ఆ టోపీ ఒక్క రంగనాయకులుదే.

ఫోటోగ్రాఫర్ కృపాదానం దాన్ని సరిగ్గా 5.45కి తీశానని వాంగ్మూలం ఇచ్చాడు. తూము అక్కడికి మూడు మైళ్లు, గంట నడక. ఇక కేసు లేనట్టే.

కృపాదానం కుడిచేతికి కట్టు ఉంది. నెగటివ్ గాజుపలక కోసుకుందన్నాడు. అతని భార్య నవోమి తల ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున మాల్యాద్రి అందరినీ స్టూడియోకి పిలిపించాడు. ముత్యాలయ్య భార్య కామమ్మ కుంటుకుంటూ వచ్చింది. రంగనాయకులు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

మాల్యాద్రి ఫోటో మీద భూతద్దం పెట్టాడు.

"ఎదురెండలో ముఖాలు కనపడవు. అంచులు మాత్రం స్పష్టంగా పడతాయి. ఈ గంపల అంచులు చూడండి. చేపల తోకలు వేలాడుతున్నాయి. మన ఆడోళ్లు నిండు గంపలతో బజారుకొచ్చేది ఎప్పుడు?"

గంపల మీద వేలు పెట్టి తనే జవాబు చెప్పాడు.

"పొద్దున. సాయంత్రం ఖాళీ గంపలే తిరిగి పోతాయి. ఏడు కాకముందు సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడో, సాయంత్రం 5.45కీ అంతే ఎత్తున ఉంటాడు. కాబట్టి ఫోటోలో ఉన్నది పడమర కాదు, తూర్పు దిక్కు."

ఆ వేళ సాయంత్రం కూడా పడవలు వచ్చి ఉంటాయిలే అని రంగనాయకులు కొట్టిపారేశాడు.

మాల్యాద్రి భూతద్దం కామమ్మకి ఇచ్చాడు. ఆమె చాలాసేపు వంగి చూసింది. వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఇది నేను. కాల్లో గాజుపెంకు గుచ్చుకొని కుంటతా ఉండా." వేలు పక్కకి జరిగింది. "నా గంప నెత్తిన పెట్టుకోనుండేది ఆడమనిషి గాదు సారూ. మా ఆయన. నడవలేకుండా ఉంటే ఆయనే ఎత్తుకోని వచ్చినాడు. చనిపోయిన రోజు పొద్దన్నే."

5.40కి తూము దగ్గరున్న మనిషి, ఐదు నిమిషాల్లో మూడు మైళ్ల అవతల గంపతో ఎలా నడుస్తాడు?

కృపాదానం కట్టు విప్పాడు. రెండు వేళ్లు నలిగి నల్లబడ్డాయి.

"పొద్దున ఆరూ యాభైకి తీసినాను సార్. రేత్రి ఈయన వచ్చి, సాయంత్రం తీసినానని చెప్పమని వేళ్లు రాతితో చితక్కొట్టినాడు. నవోమి గొంతు మీద కొడవలి పెట్టినాడు."

రంగనాయకులు కెమెరా స్టాండు లాక్కుని కృపాదానం తల మీదికి ఎత్తాడు. మాల్యాద్రి లాఠీ రంగనాయకులు మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కానిస్టేబుళ్లు అతన్ని నేలకేసి అదిమి బేడీలు వేశారు.

ఫోటో కోర్టుకు పోవాలని మాల్యాద్రి చెయ్యి చాపాడు. కామమ్మ వదల్లేదు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా ఇద్దరూ ఏనాడూ ఫోటో దిగలేదట.

నవోమి లేచి డార్క్‌రూమ్ తలుపు తీసింది. భర్త చెబుతుంటే తన చేతులతోనే ఇంకో ప్రింటు వేసింది. కామమ్మ అది ఆరేదాకా గుమ్మంలోనే కూర్చుంది.