తలకిందులైన పళ్లెం

జూన్ రెండో తారీఖు ఉదయం. సైదాబాద్‌లోని ఆ అపార్ట్‌మెంటు మేడమీద రాష్ట్ర అవతరణ వేడుక. ఇంటికొక వంటకం తేవాలి. స్వీటీ మూడు రంగుల సలాడ్ చేస్తానని ఒప్పుకుంది. క్యారెట్, ముల్లంగి, కీరా తురిమి, వెడల్పాటి పళ్లెంలో జెండాలా వరుసలు పరిచి, నడుమ నల్లద్రాక్షలతో చక్రం పేర్చింది.

“నేను గూడ ఏమన్న కోస్తనే,” అంది అత్త రాహేలు.

“వద్దత్తమ్మా, వేలు కోస్కుంటరు. కూసోండ్రి.”

రాహేలు కళ్లకు శుక్లాలు. ఆపరేషనంటే భయం. సంగతి గడప దాటకూడదని ఆమె పంతం. పళ్లెమైనా మోస్తానంది. చెరో అంచు పట్టుకుని ఇద్దరూ మెట్లెక్కారు. బల్లమీద పెట్టి, తనవైపుకు సరిగ్గా కనబడేలా తిప్పింది మాత్రం స్వీటీయే.

జనం బల్లకు అవతల నిలబడ్డారు. అసోసియేషన్ పెద్ద అమరనాథ్ పకపకా నవ్వాడు.

“ఏందమ్మా స్వీటీ! జెండా ఉల్టా అయింది. పచ్చ మీదికొచ్చె, కాషాయం కిందికి పాయె!”

ఫోన్లు పైకి లేచాయి. స్వీటీ మొహం కందిపోయింది. ఆలోచనకంటే ముందే మాట జారింది.

“నేను గాదంకుల్, మా అత్తమ్మ పెట్టింది. ఆమెకు కండ్లు సక్కగ కనవడవు.”

నవ్వులు ఆగి, జాలిచూపులు రాహేలు వైపు మళ్లాయి.

“అవునయ్యా, నేనే పెట్టిన. మాఫ్ చేయుండ్రి,” అందామె.

ఆపైన ఆమె ఏమీ తినలేదు. వాటర్ ట్యాంకు నీడలో ఒదిగి కూర్చుంది. తన అబద్ధాన్ని అత్త కడుపులో దాచుకుందనుకుంది స్వీటీ. తింటున్న ప్లేటు పక్కన పెట్టింది. లేచి, అందరికీ వినబడేలా అంది:

“అంకుల్, పళ్లెం పెట్టింది నేనే. అత్తమ్మ మీద అబద్ధం చెప్పిన.”

“పోనీలే తల్లీ, కడుపులకు పోయెదానికి మీదేంది, కిందేంది!” అని అమరనాథ్ గరిటె ముంచాడు.

స్వీటీ అత్త పక్కన చతికిలబడింది. “ఎందుకు ఒప్పుకున్నరత్తమ్మా? కాదంటే అయిపోతుండె గద.”

రాహేలు తడబడింది. “అంటే... నిజంగ నేను పెట్టలేదా?”

“లేదత్తమ్మా.”

“నువ్వు చెప్తివి గద బిడ్డా. నాకు తెల్వకుండ నేనే తిప్పిన్నేమో అనుకున్న. గంత పెద్ద జెండా గూడ కనవడలేదా అని గప్పటిసంది వణుకుతున్న.”

అప్పటిదాకా, పోయింది అత్త పరువొక్కటే అనుకుంది స్వీటీ. అత్తకు తన కళ్లమీద మిగిలిన కాస్త నమ్మకాన్నీ స్వీటీ నోరే తుడిచేసింది. అత్త ఒడిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

రాహేలు వేళ్లు ఆమె జుట్టు నిమిరాయి.

“ఊకో. డాక్టర్ దగ్గరికి నువ్వే తీస్కపో. నాకేం కనవడుతుందో, ఏం కనవడతలేదో... నువ్వు నిజం చెప్పు, చాలు.”