ఐదో అంతస్తు పైన ఎండ

తడి దుప్పటి మూడో అంతస్తు రెయిలింగ్ మీద నుంచి జారి, మెట్లెక్కుతున్న నరేందర్ నెత్తిమీద పడింది.

"ఎవలది గీ దుప్పటి?" అని దుప్పటి లోపల్నుంచే అరిచాడు.

హర్షిణి గబగబా మెట్లు దిగి వచ్చింది. "సారీ అండి, సారీ! ఆరేశాను, జారిపోయింది."

నరేందర్ దుప్పటి తొలగించుకుని బయటపడ్డాడు. ముక్కు చివర నుంచి సర్ఫు వాసన వేస్తున్న నీళ్ళు కారుతున్నాయి. "రెయిలింగ్ మీద బట్టలు ఆరేయొద్దని నోటీస్ పెట్టినం గద మేడం! చూడలేదా?"

"ఎవరండీ పెట్టింది ఆ నోటీసు?"

"నేనే. అసోసియేషన్ జాయింట్ సెక్రటరీని."

"అయితే మిమ్మల్నే అడగాలి. పన్నెండు రోజుల నుంచి ముసురు. బాల్కనీలోకి జల్లు కొడుతోంది. మేడ మీదికి వెళ్ళే తలుపుకేమో తాళం వేశారు. మరి మేము దుప్పట్లు ఎక్కడ ఆరేసుకోవాలి, మీ నెత్తిమీదా?"

"ఆల్రెడీ ఆరేసిన్రు గద!"

వేరే రోజైతే హర్షిణికి నవ్వొచ్చేదే. ఆ రోజు మాత్రం రాలేదు.

"మీకు జోకుగానే ఉంటుంది. మా నాన్నగారికి గుండెకి స్టెంట్ వేశారు. రోజూ నడవాలన్నారు డాక్టర్లు. ఈ వానలో ఎక్కడ నడుస్తారు? ఆయన ఎండ మొహం చూసి నెలవుతోంది. ఆ పైన తాళం తీస్తే మీ సొమ్మేం పోయింది?"

దుప్పటి లాక్కుని పైకి వెళ్ళిపోయింది. నరేందర్ తల తుడుచుకోవడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

నవంబరు నెల. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం తీరం దాటకముందే ఇంకొకటి తయారవుతోంది. హైటెక్ సిటీలో హర్షిణి పనిచేసే అద్దాల భవనం పై అంతస్తులు మబ్బుల్లో కలిసిపోయాయి. మధ్యాహ్నం పన్నెండింటికే ఆఫీసుల్లో లైట్లు, రోడ్డు మీద హెడ్‌లైట్లు. నల్లగండ్లలో ఆమె అద్దెకుంటున్న ఫ్లాట్‌లో గోడలకు కూడా చెమట పట్టింది.

వాళ్ళ నాన్న వెంకటనారాయణ అమలాపురం హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు డ్రిల్లు మాస్టారు. ఆయన విజిల్ ఊదితే ఆరు వందల మంది పిల్లలు ఒక్క గీతలో నిలబడేవాళ్ళు. ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చిన ఆ మనిషి, ఇప్పుడు కర్టెన్ వేసిన కిటికీ ముందు కుర్చీలో కూర్చుని లేవడం లేదు. పేపరు చదవడం లేదు. భార్యేమో పెద్దమ్మాయి పురిటికని విశాఖలో ఉంది. "తినండి నాన్నా" అంటే రెండు ముద్దలు. "ఎలా ఉంది నాన్నా" అంటే "బానే ఉంది". హర్షిణి ఆఫీసులో కూర్చుని ఎన్ని తప్పులైనా పట్టుకోగలదు. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్, పనే అది. ఇంట్లో ఈ తప్పు ఎక్కడ జరుగుతోందో, ఎలా సరిచేయాలో మాత్రం అర్థం కావడం లేదు.

మర్నాడు శనివారం. పదకొండు గంటలకు కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే నరేందర్. చేతిలో తాళంచెవి.

"ఎండొచ్చింది. జల్ది. మబ్బులు మళ్ళ కమ్మితే నా జిమ్మేదారి కాదు."

"ఏంటండీ?"

"మేడ మీదికి పోదం. దుప్పటి తెచ్చుకోండ్రి. మీ నాన్నను గూడ తోల్కరండ్రి."

"నోటీసు పెట్టింది మీరే కదా?"

"నోటీస్ పెట్టింది జాయింట్ సెక్రటరీ. ఇప్పుడొచ్చింది నరేందర్."

వెంకటనారాయణ రానన్నారు. హర్షిణి బతిమాలింది. చివరికి నరేందర్ లోపలికొచ్చి, "సార్, గా దుప్పటి ఒక కొస మీరు పట్టుకోవాలె. నిన్న నా మీద పడి మస్తు పరేషాన్ జేసింది, నా ఒక్కనికి లొంగేటట్టు లేదు" అన్నాడు. ఆయన విసుక్కుంటూనే లేచారు.

లిఫ్టు ఐదో అంతస్తు వరకే. అక్కణ్ణుంచి పద్దెనిమిది మెట్లు. ఆగి ఆగి ఎక్కారు. నరేందర్ ఇనుప తలుపు తోయగానే ఎండ ముగ్గురి మీదా పడింది.

తడిసిన నేల మెరుస్తోంది. గోపనపల్లి వైపు చెరువు అంచు, ఇటు వరసగా కడుతున్న టవర్లు, వాటి మీద క్రేన్లు. అన్నిటికీ ఒకేసారి స్నానం చేయించి తుడిచినట్టుంది. వెంకటనారాయణ కళ్ళు చిట్లించి, మొహం పైకెత్తి, రెండు చేతులూ చాచి నిలబడ్డారు. అలా పది నిమిషాలు. తర్వాత నరేందర్ వైపు తిరిగారు.

"ఏమోయ్, ఈ వయసులో ఆ గూనేంటి? రోజూ కంప్యూటర్ ముందు వాలిపోతావా? భుజాలు వెనక్కి!"

మూడు వారాల్లో నాన్న నోటి నుంచి అంత పొడుగు మాట రావడం అదే మొదలు. హర్షిణి దుప్పటి సర్దుతున్నట్టు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నరేందర్ అది చూశాడు. చూడనట్టు భుజాలు వెనక్కి పెట్టి నిలబడ్డాడు.

ఆ ఎండ నలభై నిమిషాలుంది. దుప్పటి పూర్తిగా ఆరలేదు. అయినా సాయంత్రం దాన్ని కప్పుకుంటే ఎండ వాసన వేసింది.

ఆ రోజు నుంచి మబ్బుల మధ్య ఎక్కడైనా ఎండ తొంగిచూస్తే చాలు, నరేందర్ నుంచి హర్షిణికి ఫోను వచ్చేది. ఆమె ఆఫీసులో ఉంటే నరేందర్ వాళ్ళమ్మ నీలమ్మే వచ్చి వెంకటనారాయణను పైకి తీసుకెళ్ళేది. ఈ అపార్ట్‌మెంటు లేచిన చోటు ఒకప్పుడు వాళ్ళ మక్కజొన్న చేను. "ఈ జాగల ఎండకు కొదవుంటదని నేనెన్నడనుకోలె సారూ" అంటూ చాటలో మిరపకాయలు పరిచేదామె.

పొద్దున్నే నరేందర్ కారులో లిఫ్టు ఇచ్చేవాడు. "నేను గూడ అటే పోతున్న" అనేవాడు. మసీద్‌బండ దగ్గర ట్రాఫిక్ ఆగిపోతే, అద్దం దింపి ఉడకబెట్టిన పల్లీలు కొనేవాడు. వేడి పొట్లం ఒళ్ళో పెట్టుకుంటే హర్షిణికి చలికాలం మొదటిసారి బాగుందనిపించేది. ఓ రోజు సీతాఫలం గింజలు ఎవరు ఎక్కువ దూరం ఊస్తారని పందెం వేసుకుని, కొత్తగూడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు దొరికిపోయారు. ఓ రోజు వైపర్ పాడై, గచ్చిబౌలి వైపు చినుకుల్లో కరిగిపోతున్న ఎర్ర లైట్లను చూస్తూ అరగంట కూర్చున్నారు.

"ఆఫీసుకి లేటవుతుందండీ," అంది హర్షిణి.

"అయితే అయింది. గిట్ల రోజూ దొరుకుతదా?"

ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. అద్దంలో ఆ నవ్వు అతనికి కనిపించింది.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్న బుధవారం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నోటీసు వచ్చింది. "కొందరు అనుమతి లేకుండా మేడ మీదికి వెళుతున్నట్టు తెలిసింది. తాళం మార్చడమైనది. మళ్ళీ జరిగితే కఠిన చర్య తీసుకోబడును. ఇట్లు, జాయింట్ సెక్రటరీ."

హర్షిణి చివరి రెండు మాటలు మూడుసార్లు చదివింది. ఒళ్ళు మండిపోయింది. పొద్దున పల్లీలు, మధ్యాహ్నం నోటీసులా?

నరేందర్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు. చూడలేదు. గురు, శుక్రవారాలు ఆటో ఎక్కి ఆఫీసుకు పోయింది. వాన మళ్ళీ అందుకుంది. వెంకటనారాయణ మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఈసారి కర్టెన్ తీసే ఓపిక హర్షిణికి కూడా లేకపోయింది.

శనివారం పొద్దున నీలమ్మ వేడివేడి సర్వపిండి పట్టుకుని వచ్చింది.

"ఏమైంది బిడ్డా, మా పోరని మీద అలిగినవా?"

"మీ అబ్బాయి నోటీసు చూశారా ఆంటీ?"

"వాని నోటీసెందుకైతది? ప్రెసిడెంట్ అనసూయమ్మ మేడం పిలిచి, ఎవలెవలు పైకి పోయిన్రో పేర్లు చెప్పుమన్నది. వీడు చెప్పలె. తాళంచెవి ఆడ్నే పెట్టి, నాకీ పోస్టే వద్దని వచ్చిండు. గా నోటీసు కొత్తగొచ్చినాయినది." నీలమ్మ ప్లేటు టేబుల్ మీద పెట్టింది. "ఇంకోటి చెప్పాల్నా? వాని ఆఫీసు కోకాపేటల. నిన్ను హైటెక్ సిటీల దింపి, మళ్ళ అంత దూరం తిరిగి పోతుండు. నేను చెప్పిన్నని వానికి చెప్పకు."

హర్షిణి చెప్పులు కూడా వేసుకోకుండా రెండో అంతస్తులోని వాళ్ళ ఫ్లాటుకు పరుగెత్తింది.

తలుపు తీసిన నరేందర్ ఆమెను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇవాళ నా నెత్తిన పోయనీకి బకెట్ తెచ్చిన్రా?"

"మీరెందుకు చెప్పలేదు?"

"ఫోనెత్తితే గద చెప్పేది."

"సారీ. పూర్తిగా చెక్ చేయకుండా తప్పు మీ మీద తోశాను. నా ఉద్యోగానికే అవమానం." ఊపిరి పీల్చుకుంది. "అసలు మేడకి తాళమెందుకు?"

"అనసూయమ్మ మేడం బెడ్‌రూమ్ల లీకేజ్. మంది పైకెక్కి తొక్కితే స్లాబు పగులుతున్నదని ఆమె నమ్మకం."

"ఎవరైనా టెస్ట్ చేశారా?"

"లే."

"ఒక్కరు కూడా?" హర్షిణి కళ్ళు మెరిశాయి. "పదండి."

అసోసియేషన్ ప్రెసిడెంట్ అనసూయమ్మ బ్యాంకులో ఆఫీసరుగా రిటైరైన మనిషి, ఐదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. తలుపు తీసి, ఇద్దర్నీ చూసి మొహం ముడుచుకుంది. కానీ హర్షిణి లోపలికి చూసి జాలిపడింది. మంచం మీద బకెట్. పుస్తకాల బీరువాకు ప్లాస్టిక్ పట్టా. పెచ్చులూడిన కప్పు నుంచి టప్, టప్.

"ఆంటీ, మీరు నిద్రపోయి ఎన్నాళ్ళైందండీ?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. "నెలన్నర," అంది మెల్లగా. "రోజూ సోఫాలోనే."

"వాన లేని ఒక్క రోజు నాకివ్వండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెడతాను. మేము నడవడం వల్లే అని తేలితే, ఇంకెప్పుడూ మేడ మాటెత్తను."

అనసూయమ్మ నిండుతున్న బకెట్ వైపు చూసింది. "ఒక్క రోజే," అంది.

మంగళవారం వాన ఆగింది. ఇద్దరూ సెలవు పెట్టారు. హర్షిణి మొదట ఒక బకెట్ నీళ్ళలో పసుపు కలిపి, అందరూ నడిచే చోట స్లాబు మీద గట్టు కట్టి పోయించింది. కింద అనసూయమ్మ మంచం మీద తెల్ల గిన్నె పెట్టుకుని కాపలా కూర్చుంది. రెండు గంటలైనా గిన్నెలో పడింది మామూలు నీళ్ళే. పసుపు జాడ లేదు.

తర్వాత నరేందర్ వాటర్ ట్యాంకు మొదట్లో, పైపు గోడలోకి దిగే చోట నీలిమందు నీళ్ళు పోశాడు. "ఇది గూడ కాకుంటే?"

"ఇంకోచోట పోస్తాం. టెస్టర్లు అంత తేలిగ్గా వదలరు."

నలభై నిమిషాలు గడిచాయి. కింద నుంచి పెద్ద కేక. "నీలం! నీలం!"

రెండో అంతస్తు బాల్కనీలోంచి నీలమ్మ తల బయటికి పెట్టింది. "నన్ను పిలిచిన్రా మేడం?"

అనసూయమ్మ గిన్నె పట్టుకుని, పద్దెనిమిది మెట్లూ చిన్నపిల్లలా ఎక్కి వచ్చింది. తెల్ల గిన్నెలో ముదురు నీలం చుక్కలు. పగిలింది స్లాబు కాదు, పైపు జాయింటు. నెలన్నరగా ట్యాంకు నీళ్ళే ఆమె కప్పులోకి దిగుతున్నాయి.

నరేందర్ "కొట్టినం!" అని గాల్లోకి ఎగిరాడు. హర్షిణి కూడా ఎగిరింది. కిందికి దిగేసరికి ఆమె రెండు చేతులూ అతని చేతుల్లో ఉన్నాయి. వదలాలని ఇద్దరికీ కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది. అనసూయమ్మ గిన్నెలోకి చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడింది.

ప్లంబరు సాయంత్రానికి జాయింటు మార్చేశాడు. గురువారం రాత్రంతా వాన కురిసింది. శుక్రవారం పొద్దున గ్రూపులో అనసూయమ్మ ఖాళీ బకెట్ ఫోటో పెట్టింది. కింద ఒక్క ముక్క: "మంచం మీద పడుకున్నాను."

ఆదివారం జనరల్ బాడీ మీటింగ్. అనసూయమ్మ లేచి, "తప్పు నాది. చూడకుండానే మనుషుల మీద వేశాను" అని అందరి ముందూ చెప్పింది. మేడ తాళం తీసేయాలన్న తీర్మానానికి నలభై రెండు ఫ్లాట్ల చేతులూ లేచాయి. కార్తీక మాసం వెళ్ళేలోగా అక్కడే వనభోజనాలు చేద్దామని అన్నదీ ఆమే.

కార్తీకంలో ఆ చివరి ఆదివారం పొద్దున మబ్బు లేదు. మేడ నిండా మనుషులు, ఆరేసిన దుప్పట్లు. తొట్టిలోని ఉసిరి మొక్కను మధ్యలో పెట్టారు. పులిహోర గంగాళం పక్కన నీలమ్మ గరిటె తిప్పుతోంది. వెంకటనారాయణ భోజనాలకు ముందు అందరికీ వ్యాయామం ఉండి తీరాలన్నారు. అమలాపురం నుంచి పార్సిల్ తెప్పించుకున్న విజిల్ మెడలో వేలాడుతోంది. డాక్టరు పోయిన వారం పరీక్ష చేసి, "ఏం మందు వాడారండీ?" అని అడిగాడు.

ట్యాంకు నీడలో హర్షిణి, నరేందర్ నిలబడ్డారు.

"నరేందర్ గారూ, కోకాపేటలో ఆఫీసున్నవాళ్ళు హైటెక్ సిటీ మీదుగా ఎందుకు వెళ్తారండీ?"

అతని మొహం ఎర్రబడింది. "అమ్మ చెప్పిందా?"

"జవాబు చెప్పండి."

"అటు నువ్వున్నవని." ఇన్నాళ్ళ 'మీరు' ఎక్కడికో పోయింది. అతనికే తెలిసి కంగారుపడ్డాడు. "అంటే... నువ్వంటే నాకిష్టం హర్షిణీ. దుప్పటి పడ్డ రోజు నుంచి కాదు. ఆ మర్నాడు, మీ నాన్న మాట్లాడుతుంటే నువ్వు పక్కకు తిరిగి ఏడ్చినవ్ చూడు, అప్పటి సంది."

హర్షిణి ఎండలో ఆరుతున్న దుప్పట్ల వైపు చూసింది. ప్రతి ఏడాదీ ఈ ముసురు నెల ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసేది. ఈ ఏడాది మాత్రం అది పోతుంటే బెంగగా ఉంది.

"నాకు ముందే తెలుసు," అంది.

"ఎట్ల?"

"రోజూ చెక్ చేశాను. పల్లీల పొట్లంలో పెద్ద గింజలన్నీ నాకే వచ్చేవి." గొంతు తగ్గించింది. "నాక్కూడా నువ్వంటే ఇష్టం. రేపణ్ణుంచి మాత్రం నేనే కోకాపేట మీదుగా వెళ్తాను. ఎవరికి లేటవుతుందో చూద్దాం."

మేడ అవతలి వైపు విజిల్ మోగింది. నలభై రెండు ఫ్లాట్ల వాళ్ళూ గబగబా వరసల్లో నిలబడ్డారు. వీళ్ళిద్దరూ పరుగున వచ్చి, చెరో చివర చేరారు.

వెంకటనారాయణ వరసలన్నీ చూసుకుంటూ వచ్చి కూతురి దగ్గర ఆగారు. అటు చివరనున్న నరేందర్‌ను చూశారు. గంగాళం దగ్గర నీలమ్మ గరిటె ఆపి, అవునన్నట్టు తలూపింది. ఆయన విజిల్ నోట్లోంచి తీశారు.

"ఆ చివర ఉన్న అబ్బాయ్! నీ చోటు అది కాదు. వచ్చి మా అమ్మాయి పక్కన నిలబడు."

మేడంతా ఈలలు, చప్పట్లు. నరేందర్ ఛాతీ విరుచుకుని, అందరి మధ్య నుంచి నడిచి వచ్చి హర్షిణి పక్కన నిలబడ్డాడు. వెంకటనారాయణ మళ్ళీ విజిల్ ఊదారు.